1997 గడువు ముందు హాంకాంగ్‌లో వ్యాపారులను ఎలా నిలబెట్టారు: బ్యాంకు బల్ల వెనుక నుంచి ఒక జవాబు

మీ ప్రశ్న ఇది: "ఒక భూభాగం మరో దేశం చేతికి వెళ్లబోతోందని ముందే తెలిసినప్పుడు, అక్కడి విదేశీ వ్యాపారులు మూటాముల్లె సర్దుకోకుండా దౌత్యవేత్తలు ఏం చేస్తారు? హాంకాంగ్ విషయంలో ఆ ప్రయత్నాలు నిజంగా పనిచేశాయా, లేక అవన్నీ తియ్యటి మాటలేనా?" భంజవిహార్‌లో, అంటే మన బరంపురం యూనివర్సిటీలో, ఎం.ఏ. చదువుతున్నాననీ, సెమినార్ పత్రానికి కావాలనీ రాశారు. మీకు ముందుగా జవాబిచ్చిన ఒకాయన హాంకాంగ్‌ను 1997లో చైనాకు అప్పగించేందుకు బ్రిటన్ చేసుకున్న 1984 ఒప్పందంతో అంతా చక్కబడిందని రెండు ముక్కల్లో తేల్చేశారు. అంత సులువుగా జరగలేదమ్మా.

నాది బరంపురమే. ఒక భారతీయ బ్యాంకు హాంకాంగ్ శాఖలో రెండు విడతలు పనిచేశాను. 1982 నుంచి 1985 వరకు ఒకసారి, 1990 నుంచి 1993 వరకు ఇంకోసారి. ఎగుమతి బిల్లులు, ఎల్‌సీలు (కొన్నవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రాలు), తనఖా అప్పులు నా బల్ల మీదుగా వెళ్లేవి. దౌత్యవేత్తలను నేను దగ్గరగా చూడలేదు. వాళ్లు బీజింగ్‌లో ఒక మాట అంటే మర్నాడు మా కౌంటరు దగ్గర దానికి ఏ ధర పలికేదో మాత్రం చూశాను. కాబట్టి నా జవాబు ఆ ఎత్తు నుంచే ఉంటుంది.

ముందు ఒక ఇంటి సంగతి. మా తాతగారి తరం వాళ్లు రంగూన్‌ను రంగం అనేవారు. గోపాలపూర్‌లో స్టీమరు ఎక్కి రంగం వెళ్లడమంటే గంజాం జిల్లాలో ఆ రోజుల్లో పక్క ఊరికి వెళ్లినంత మామూలు. కూలికి వెళ్లినవాళ్లు ఎక్కువ, వ్యాపారానికి వెళ్లినవాళ్లు తక్కువ. మన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలని పిలిచేవారు, కోరంగి రేవు పేరు మీద. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. మా తాతగారికి అక్కడ బట్టల కొట్టు ఉండేది. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి పాలనాపరంగా విడదీశారు. ఇక్కడి వ్యాపారులకు భయం అక్కర్లేదని పెద్దలు చెబుతూనే ఉన్నారట. 1938లో అల్లర్లు జరిగాయి. 1941లో వలసల మీద భారత, బర్మా ప్రభుత్వాల మధ్య ఒక ఒప్పందం కూడా కుదిరింది. అది పూర్తిగా అమలుకు రాకముందే, అదే ఏడాది డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. తాతగారు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. యుద్ధం తరువాత మళ్లీ వెళ్లి కొట్టు తెరిచిన మా పెదతాతగారిని 1964 జాతీయీకరణ తుడిచిపెట్టేసింది. మా ఇంట్లో "భయం లేదు, ఉండండి" అన్న మాట ఒక సామెతలాగా, కొంచెం వెటకారంగా వాడేవారు. ఆ చెవులతోనే నేను హాంకాంగ్‌లో దిగాను.

ఇప్పుడు మీ ప్రశ్న. హాంకాంగ్‌లో చిక్కంతా కౌలు దగ్గర వచ్చింది. 1842 సంధితో ద్వీపం, 1860లో కౌలూన్ కొన బ్రిటన్‌కు శాశ్వతంగా దక్కాయి. 1898లో మాత్రం ఆ వెనుక ఉన్న న్యూ టెరిటరీస్‌ను 99 ఏళ్ల కౌలుకు తీసుకున్నారు. మొత్తం నేలలో దాదాపు పదింట తొమ్మిది వంతులు అదే. కౌలు 1997 జూన్ 30తో ముగుస్తుంది. ఆ ప్రాంతంలో ఇళ్లకూ ఫ్యాక్టరీలకూ ప్రభుత్వం ఇచ్చిన లీజులు ఇంకో మూడు రోజుల ముందే, జూన్ 27నే, చెల్లిపోయేలా రాసి ఉన్నాయి. కౌలుదారు తనకు లేని హక్కును ఇంకొకరికి రాసివ్వలేడు. మన జిల్లాలో ఏ రైతుకైనా ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇల్లు కొనుక్కునేవాడు బ్యాంకుకు వచ్చి పదిహేనేళ్ల అప్పు అడుగుతాడు. 1982కు పదిహేను కలిపి చూడండి. అంతే సంగతి. విదేశీ వ్యాపారుల నమ్మకం గురించి వందల వ్యాసాలు వచ్చాయి గానీ, ఆ సమస్య మొత్తం ఈ కూడికలో ఉంది. దౌత్యం ఎప్పుడెప్పుడు గెలిచిందో, ఎప్పుడు ఓడిందో తెలుసుకోవాలంటే ఆనాటి ఉపన్యాసాలను పక్కన పెట్టి, ఆ వారం బ్యాంకులు ఎన్నేళ్ల గడువుకు అప్పిచ్చాయో చూడండి. నేను చెప్పదలచుకున్న విషయం ఇదొక్కటే, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి ప్రయత్నం 1979 మార్చిలో జరిగింది. హాంకాంగ్ బ్రిటిష్ గవర్నరు మర్రే మెక్‌లిహోస్ బీజింగ్ వెళ్లి చైనా అగ్రనేత డెంగ్ షియావోపింగ్‌ను కలిశారు. ఈ లీజుల గడువును 1997 దాటించవచ్చా అని అడిగారు. డెంగ్ అందుకు ఒప్పుకోలేదు. హాంకాంగ్ చైనాదేనని స్పష్టంగా చెప్పి, పెట్టుబడిదారులు మాత్రం గుండె దిటవు చేసుకోవచ్చని చెప్పమన్నారు. గవర్నరు తిరిగి వచ్చి ఆ చివరి మాటను అందరికీ వినిపించారు, మొదటి మాటను లోపల పెట్టుకున్నారు. కొన్నాళ్లు బాగానే గడిచింది. భూముల ధరలు పెరిగాయి. కానీ కాగితం మీద గడువు అంగుళం కూడా కదలలేదు. సగం చెప్పిన మాటతో కొన్న నమ్మకం అంతే కాలం నిలిచింది.

1982 సెప్టెంబరులో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ బీజింగ్ వెళ్లారు. అప్పటికి నేను హాంకాంగ్ వచ్చి కొన్ని నెలలే. ఆమె పాత సంధులు చెల్లుతాయని పట్టుబట్టారు, డెంగ్ ససేమిరా అన్నారు. బయటికి వస్తూ ఆమె మెట్ల మీద తూలి పడ్డ దృశ్యం టీవీలో చూశాం. మా శాఖలో పనిచేసే కాంటనీస్ గుమాస్తా, మనలో మనకుండే శకునాల పిచ్చి వాళ్లకూ తక్కువేం కాదు, ఆ సాయంత్రమే తన షేర్లు అమ్మేశాడు. అక్కడి షేర్ల ధరలను కొలిచే హాంగ్ సెంగ్ సూచీ డిసెంబరు నాటికి 700 కిందికి పడిపోయింది. గుమాస్తా నాకంటే తెలివైనవాడని అప్పుడు ఒప్పుకున్నాను.

ఆ తరువాతి ఏడాది హాంకాంగ్ భవిష్యత్తు మీద బ్రిటన్, చైనాల చర్చలు నడుస్తున్నప్పుడు ఒక వింత అలవాటు మాకు పట్టుకుంది. ప్రతి విడత ముగిశాక ఇరుపక్షాలూ రెండు మూడు వాక్యాల ప్రకటన ఇచ్చేవి. అందులో "ఉపయోగకరం, నిర్మాణాత్మకం" అన్న విశేషణాలు ఉన్నాయా, ఒకటి తగ్గిందా అని ఊరంతా చూసేది. పంచాంగ శ్రవణం లాగా వినేవాళ్లం. 1983 సెప్టెంబరు 23న ముగిసిన విడత తరువాత ఆ విశేషణాలు లేవు. మర్నాడు శనివారం. మాకు సగం పూట పని. ఉదయం తలుపు తీసేసరికి జనం వరసలో ఉన్నారు. మధ్యాహ్నానికి అమెరికా డాలరుకు 9 హాంకాంగ్ డాలర్ల 60 సెంట్లు పలికింది. అంతకు ఏడాది కింద 6 చుట్టూ ఉండేది. మా మేనేజరు రేటు చెప్పడం ఆపేయమన్నారు. కొన్ని దుకాణాలు ధరల చీటీలు అమెరికా డాలర్లలో రాయడం మొదలుపెట్టాయి. సూపర్ మార్కెట్లలో బియ్యం, నూనె, డబ్బా ఆహారం, మరుగుదొడ్డి కాగితం ఖాళీ అయ్యాయి. నేను కూడా ఒక బియ్యం బస్తా భుజాన వేసుకుని కౌలూన్‌లో మూడంతస్తులు ఎక్కాను, దాచుకోవడం ఎందుకు.

ఆ బియ్యం అయిపోకముందే అక్టోబరు 17న ప్రభుత్వం తమ డాలరును అమెరికా డాలరుకు 7.80 చొప్పున కట్టివేసింది. నోట్లు ముద్రించే బ్యాంకులు ప్రతి నోటుకూ ఆ లెక్కన అమెరికా డాలర్లు ఖజానా నిధిలో జమ కట్టాలి. పని చేసింది ఆర్థిక శాఖే అయినా, దౌత్యానికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇచ్చింది ఇదే. మీ పత్రంలో దీనిని వదిలేయకండి. రాజకీయశాస్త్రం వాళ్లు ఒప్పందాలను చదువుతారు, మారకం రేటును మాత్రం ఆర్థికశాస్త్రం వాళ్లకు వదిలేస్తారు. హాంకాంగ్ వీధిలో నిలబడ్డ మనిషికి ఆ రెండూ ఒకటే.

1984లో రెండు సంగతులు నెల తేడాతో జరిగాయి. మార్చి 28న జార్డిన్ మాథిసన్ సంస్థ తన రిజిస్ట్రేషన్‌ను అట్లాంటిక్‌లోని బ్రిటిష్ ద్వీపం బెర్ముడాకు మారుస్తున్నట్టు ప్రకటించింది. 1832లో చైనాలోని కాంటన్‌లో మొదలై, నల్లమందు వ్యాపారంతో ఎదిగి, హాంకాంగ్ బ్రిటిష్ వాళ్ల చేతికి రావడంలో చేయి ఉన్న సంస్థ అది. పూజారే గుడి వదిలి వెళ్తున్నట్టు అనిపించింది జనానికి. ఏప్రిల్ 20న బ్రిటిష్ విదేశాంగ మంత్రి జెఫ్రీ హౌ హాంకాంగ్‌కే వచ్చి, 1997 తరువాత బ్రిటిష్ పాలన కొనసాగుతుందని అనుకోవడం వాస్తవానికి దూరమని బాహాటంగా చెప్పేశారు. జనం గొల్లుమంటారని అనుకున్నాను. నా కౌంటరు దగ్గర అందుకు విరుద్ధంగా కనిపించింది. ఏదో ఒకటి తేలింది, ఇక దాన్ని బట్టి లెక్క వేసుకోవచ్చు అన్నారు మా సింధీ ఖాతాదారులు. అయిదేళ్లపాటు సగం మాట చెప్పి సాధించలేనిది ఒక చేదు మాట పూర్తిగా చెప్పి కొంత సాధించారని నా అభిప్రాయం.

ఇక ఉమ్మడి ప్రకటన, అంటే మొదట చెప్పిన ఆ 1984 ఒప్పందమే. 1984 సెప్టెంబరు 26న పొడి సంతకాలు, డిసెంబరు 19న థాచర్, చైనా ప్రధాని జావో జియాంగ్ అసలు సంతకాలు. ప్రధాన పాఠం ఎనిమిది పేరాలే. ఒకే దేశం, రెండు వ్యవస్థలు, యాభై ఏళ్లు మార్పు ఉండదు అన్న మాటలు అందరికీ తెలిసినవే. గుర్రప్పందేలు సాగుతాయి, నాట్యశాలలు తెరిచే ఉంటాయి అని చైనా నాయకులు చెప్పే మాట ఊరంతా మారుమోగింది. మా శాఖకు పాఠం ప్రతి వచ్చిన రోజు మేనేజరు అవేమీ చదవలేదు. నేరుగా మూడో అనుబంధం తీశారు. అది భూముల లీజుల గురించి.

ఆ అనుబంధం ఎవరు రాశారో గానీ వాళ్లకు ఊరి కరణం బుర్ర ఉంది. 1997 జూన్ 30 లోపు ముగిసే లీజులను 2047 జూన్ 30 వరకు పొడిగించవచ్చు, అదనపు ప్రీమియం (భూమికి ముందుగా కట్టే మొత్తం) అక్కర్లేదు, ఏటా ఆస్తి అద్దె విలువలో 3 శాతం కడితే చాలు. కొత్తగా ఇచ్చే భూములకూ అదే గడువు. ఇది వ్యాపారులకు. మరి చైనా భయం ఒకటుంది. ఖాళీ చేయబోయే అద్దెదారు తలుపులూ కిటికీలూ అమ్ముకుపోతాడేమోనని ఇంటి యజమాని భయపడతాడు కదా. బ్రిటిష్ ప్రభుత్వం వెళ్లేలోపు భూమంతా అమ్మేసి డబ్బు పట్టుకుపోతే? అందుకని ఏడాదికి 50 హెక్టార్లకు మించి కొత్త భూమి ఇవ్వకూడదన్నారు, ప్రభుత్వ అద్దె ఇళ్లకు ఇచ్చేది ఇందులో లెక్కకు రాదు. అమ్మగా వచ్చిన ప్రీమియంలో ఖర్చులు పోను సగం అప్పటి ప్రభుత్వానికి, సగం 1997 తరువాత రాబోయే ప్రభుత్వానికి. ఈ రెండో సగాన్ని విడిగా నిధిలో జమ చేశారు.

దీని ప్రభావం ఆలోచించండి. భూమి ధర పెరిగితే రేపు రాబోయే ప్రభుత్వం పెట్టె కూడా నిండుతుంది. అంటే హాంకాంగ్ బాగుండటం బీజింగ్‌కు అప్పటి నుంచే లాభసాటి అయింది. పెట్టుబడిదారును "మమ్మల్ని నమ్మండి" అని బతిమాలడం కంటే, మాట ఇచ్చినవాడి డబ్బు కూడా అదే బుట్టలో ఉందని చూపించడం బలమైన పని. 1985లో మేము మళ్లీ పదిహేనేళ్ల అప్పులు రాశాం. రంగం విషయంలో మా తాతగారికి చెప్పిన "భయం లేదు"కూ దీనికీ తేడా నాకు అప్పుడు అర్థమైంది. ఆయన చేతిలో తారీకు దాటిన కాగితం ఒక్కటి కూడా లేదు.

చట్టాలు కొనసాగడం గురించి ఒక మాట. పాత చట్టాలు, కోర్టులు అలాగే ఉంటాయన్న హామీని మీ తరం వాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. మన బరంపురం 1936 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి ఒడిశాకు మారింది. మా ఇంటి ఆస్తి దావా ఒకటి అప్పుడు నడుస్తోంది. అప్పీలుకు మద్రాసు వెళ్లవలసినవాళ్లు పాట్నా హైకోర్టు పరిధిలోకి వచ్చారు. ఊరు కదలలేదు, కోర్టు కదిలింది. అయినా మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం లాంటివి గంజాంలో చాలా కాలం అమలులోనే ఉన్నాయి. అందువల్లే పాత పత్రాలు చెత్త కాగితాలు కాలేదు, షావుకార్లు ఊరు విడిచిపోలేదు. భాష గురించి, బడుల గురించి మనవాళ్లకు బెంగ మిగిలింది, అది వేరే కథ. కానీ అప్పు పత్రానికి బెంగ లేకపోయింది. మీ పత్రంలో ఈ ఉదాహరణ ఎవరూ రాయరు, మీరు రాయండి.

హాంకాంగ్‌కు తిరిగి వద్దాం. ఒప్పందాన్ని 1985 జూన్‌లో ఐక్యరాజ్యసమితిలో నమోదు చేశారు. అంతకంటే వ్యాపారులకు అక్కరకు వచ్చింది 1986 ఏప్రిల్ 23న జరిగింది. ఆ రోజు హాంకాంగ్ గాట్‌లో, అంటే దేశాల మధ్య వాణిజ్య నియమాల ఒప్పందంలో, సొంతంగా సభ్యత్వం పొందింది. బ్రిటన్ ఒక ప్రకటన, చైనా ఒక ప్రకటన ఇచ్చి, 1997 తరువాత కూడా అది కొనసాగుతుందన్నాయి. అప్పట్లో బట్టల ఎగుమతికి దేశాలవారీ కోటాలు ఉండేవి. హాంకాంగ్ కోటా చైనా కోటాలో కలిసిపోతే కుట్టు ఫ్యాక్టరీలన్నీ మూతపడేవి. పత్రికల్లో లోపలి పేజీలో చిన్న వార్తగా వచ్చింది. మా ఖాతాదారుల్లో చొక్కాలు ఎగుమతి చేసే ఒకాయన ఆ కత్తిరింపును బల్ల అద్దం కింద పెట్టుకున్నాడని నా స్థానంలో వచ్చిన స్నేహితుడు ఉత్తరం రాశాడు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే మీకు ముందు జవాబిచ్చినాయన చెప్పింది నిజమయ్యేది. 1989 జూన్ 4 వచ్చింది, బీజింగ్‌లోని తియానన్మెన్ కూడలి చుట్టూ నిరసనకారుల మీద సైన్యం కాల్పులు జరిపింది. తియానన్మెన్ తరువాత తెరిచిన సోమవారం ఒక్కరోజే సూచీ దాదాపు 22 శాతం పడింది. ఒప్పందంలో ఒక్క అక్షరం మారలేదు, అయినా అది రాసిన చేతుల మీద నమ్మకం పోయింది. చదువుకున్నవాళ్లు కెనడా, ఆస్ట్రేలియా దారి పట్టారు. నేను రెండో విడత వెళ్లేసరికి మా శాఖలో పాతవాళ్లు ఇద్దరే మిగిలారు. గుమాస్తా వాంకూవర్‌లో ఉన్నాడు.

అప్పుడు చేసిన పనులు చూస్తే దౌత్యం ఎంత విచిత్రమైన సరుకో తెలుస్తుంది. బ్రిటన్ 1990లో చట్టం చేసి 50,000 కుటుంబ పెద్దలకు, వాళ్ల భార్యాబిడ్డలతో సహా, పూర్తి పౌరసత్వం ఇచ్చింది. వాళ్లు బ్రిటన్ రావాలని కాదు, రాకుండా ఉండాలని! ఎప్పుడైనా వెళ్లగలనని తెలిసినవాడు ఈ రోజే వెళ్లడు. చైనాకు ఒళ్లు మండింది, ఆ పౌరసత్వాన్ని గుర్తించబోమంది. ఆలోచన మాత్రం మంచిదే. మా ఖాతాదారుల్లో ఆ పాస్‌పోర్టు దొరికినవాళ్లు దాన్ని లాకరులో పెట్టి, కొత్త యంత్రాలకు అప్పు అడిగారు.

రెండోది విమానాశ్రయం. 1989 అక్టోబరులో గవర్నరు డేవిడ్ విల్సన్ చెక్ లాప్ కోక్ అనే ద్వీపంలో కొత్త విమానాశ్రయం, వంతెనలు, రేవు కలిపి ఒక బ్రహ్మాండమైన పథకం ప్రకటించారు. ఖర్చు 1997 దాటి పోతుంది. అప్పు తీర్చేది ఎవరు? బ్యాంకుల ప్రశ్న అదే, మాది చిన్న బ్యాంకైనా అదే. చైనా ఒప్పుకోకపోతే ఒక్క రూపాయి రాదని లండన్‌కు అర్థమై, 1991 సెప్టెంబరు 3న ప్రధాని జాన్ మేజర్ స్వయంగా బీజింగ్ వెళ్లి అవగాహన పత్రం మీద సంతకం చేశారు. తియానన్మెన్ తరువాత పడమటి పెద్ద నాయకులు మొహం చాటేస్తున్న కాలం అది. ఆ ప్రయాణమే చైనా అడిగిన ధర అని అందరూ అనుకున్నారు. దానికి తోడు 1997లో వెళ్లేటప్పుడు కనీసం 2,500 కోట్ల హాంకాంగ్ డాలర్లు ఖజానాలో ఉంచి వెళ్లాలన్న షరతు. మళ్లీ అదే అద్దెదారు భయం.

జపాన్ దుకాణాల సంస్థ యావోహాన్ తన ప్రధాన కార్యాలయాన్నే 1990లో హాంకాంగ్‌కు తెచ్చింది. అందరూ పోతుంటే వీళ్లు వస్తున్నారని అధికారులు ఆ పేరును మంత్రంలా జపించేవారు. ఆ సంస్థ సరిగ్గా 1997 సెప్టెంబరులో దివాలా తీసింది, అయితే దానికి కారణం అప్పులు, అతి విస్తరణ. ఒక్క పెట్టుబడిదారుని ఊరేగిస్తే నమ్మకం పెరుగుతుందనుకునేవాళ్లకు ఈ కథ చెప్పాలి. మన గోపాలపూర్ పక్కన 1990లలో పెద్ద ఉక్కు కర్మాగారం పేరు చెప్పి భూమి తీసుకున్నప్పుడు ఎంత ఊరేగింపు జరిగిందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఉక్కు కర్మాగారం రాలేదు.

అమెరికా వైపు కూడా ఒక పని జరిగింది. 1992లో అక్కడి కాంగ్రెస్ హాంకాంగ్ విధాన చట్టం చేసింది. 1997 తరువాత కూడా వాణిజ్యంలో హాంకాంగ్‌ను చైనా నుంచి విడిగానే చూస్తామని దాని సారం. బయటి దేశం తన సొంత చట్టంలో రాసుకోవడం వల్ల అమెరికన్ కంపెనీలకు ఇది తమ ఇంటి కాగితం అయింది. తగినంత స్వయంపాలన ఉంటేనే అన్న మెలిక అందులోనే ఉంది. ఆ మెలిక ఇరవై ఎనిమిదేళ్ల తరువాత పనిచేసింది, చివర్లో చెబుతాను.

ఆ ఏడాదే వచ్చిన కొత్త గవర్నరు క్రిస్ పాటెన్ అక్టోబరులో ఎన్నికల సంస్కరణలు ప్రకటించారు. ఆయన చేసింది తప్పా ఒప్పా అని నన్ను అడగకండి. ప్రజాస్వామ్యం కావాలనుకునేవాడిగా ఒప్పంటాను, అప్పులు ఇచ్చేవాడిగా ఆ నెల నాకు నిద్ర లేదు. నవంబరు 30న చైనా తన ఆమోదం లేకుండా ఈ ప్రభుత్వం చేసుకునే కాంట్రాక్టులు 1997 తరువాత చెల్లవంది. ఎవరో ప్లగ్గు పీకినట్టు సూచీ పడింది. జార్డిన్‌కు వాటా ఉన్న తొమ్మిదో కంటైనర్ టెర్మినల్ ఏళ్ల తరబడి ఆగిపోయింది. చూశారా, "ఒప్పందంతో అంతా చక్కబడింది" అన్న మాట ఎక్కడ విరుగుతుందో. ఒప్పందం ఎంత గట్టిదైనా, సంతకం చేసిన ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉంటేనే అది కౌంటరు దగ్గర చెల్లుతుంది. అందుకే ఉమ్మడి సంప్రదింపుల బృందం అనే విసుగుపుట్టించే కమిటీ ఒకటి 1985 నుంచి 2000 జనవరి 1 వరకు కూర్చుంటూనే ఉంది. ఆ కమిటీలో ఒక్కొక్క ఒప్పందం, ఒక్కొక్క విమాన సర్వీసు గురించి గంటల తరబడి వాదించుకున్నారు. దౌత్యంలో ఎక్కువ భాగం అదేనమ్మా, ఫొటోలు దొరకవు.

మనవాళ్ల సంగతి చెప్పకపోతే తప్పు. తరాలుగా అక్కడే ఉన్న భారతీయులకు బ్రిటిష్ పౌరసత్వం సరిగా లేదు, చైనీయులు కారు కనుక చైనా పౌరసత్వం రాదు. 1997 తరువాత ఏ దేశానికీ చెందకుండా పోతారు. వాణిజ్యంలో వాళ్ల పాత్ర వాళ్ల సంఖ్యకు ఎన్నో రెట్లు. ఏళ్ల తరబడి వినతిపత్రాలు ఇచ్చారు. చివరికి 1997 ఫిబ్రవరిలో, గడువుకు అయిదు నెలల ముందు, బ్రిటన్ ఒప్పుకుంది, మార్చిలో చట్టం చేసింది. పెద్ద పెద్ద కంపెనీలకు దొరికిన శ్రద్ధ చిన్న వ్యాపారికి ఎంత ఆలస్యంగా దొరుకుతుందో ఇది చూపిస్తుంది. రంగంలో అసలు దొరకనే లేదు.

అప్పగింత జరిగిన మర్నాడే, 1997 జూలై 2న, థాయ్‌లాండ్ కరెన్సీ బాత్ కూలింది. సెప్టెంబరులో ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ వార్షిక సమావేశాలు హాంకాంగ్‌లోనే జరిగాయి. కొత్త జెండా కింద లోకమంతటినీ పిలిచి చూపించడానికి ముందే వేసుకున్న ఏర్పాటు. అక్టోబరులో మార్కెట్ కుప్పకూలింది. 7.80 కట్టు మాత్రం తెగలేదు. 1998 ఆగస్టులో ప్రభుత్వమే సుమారు 11,800 కోట్ల హాంకాంగ్ డాలర్లతో షేర్లు కొని నిలబెట్టింది. అందరూ బీజింగ్ నుంచి వస్తుందనుకున్న పిడుగు బ్యాంకాక్ నుంచి వచ్చింది.

కాబట్టి పనిచేసిందా అంటే, వ్యాపారుల విషయంలో చాలావరకు పనిచేసింది. కానీ పత్రంలో ఒక గీత గీయండి. వ్యాపారి నమ్మకం వేరు, అక్కడ పుట్టి పెరిగిన మనిషి నమ్మకం వేరు. లీజు 2047 వరకు ఉందని రాసినంత పకడ్బందీగా ఎన్నికల గురించి రాయలేదు. 2020 జూన్ 30న బీజింగ్ విధించిన జాతీయ భద్రతా చట్టం వచ్చింది. జూలైలో అమెరికా అధ్యక్షుడు ఆ 1992 చట్టంలోని మెలికను ఉపయోగించి ప్రత్యేక హోదా తీసేశారు. ఆ నెలలో కూడా 7.80 కట్టు కదలలేదు. నాకు కొందరు పాత స్నేహితులు ఉత్తరాలు రాయడం మానేశారు.

2047 కూడా ఇప్పుడు దగ్గరపడుతోంది. అప్పు గడువులు మళ్లీ ఆ తారీకును తాకుతున్నాయి. హాంకాంగ్ ప్రభుత్వం లీజుల పొడిగింపు చట్టం చేసి 2024 జూలై 5 నుంచి అమలులోకి తెచ్చింది. యాభై ఏళ్లు, అదనపు ప్రీమియం లేకుండా, అదే 3 శాతం అద్దెకు. మూడో అనుబంధాన్నీ ఈ చట్టాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఈసారి ఎదుట కూర్చుని బేరమాడిన రెండో దేశం లేదు. ఆ తేడాకు బ్యాంకులు ఏమైనా ధర కడుతున్నాయా అన్నది వెతకదగిన ప్రశ్న. మీ సెమినార్‌కు అదే మంచి అంశమని నాకనిపిస్తోంది.

1983 సెప్టెంబరు 24 నాటి మా శాఖ రేట్ల చీటీ నా డైరీలో ఇంకా ఉంది. 9.60 దగ్గర పెన్సిలుతో గీత కొట్టి, కింద "ఇక రేటు చెప్పవద్దు" అని మేనేజరు రాశారు. మీకు కావాలంటే ఫొటో తీసి ఇక్కడే పెడతాను.